దారి తప్పిన తొమ్మిది గుర్రాలు

మా బాబాయి లోకంలో దేన్నయినా గుర్రాల్లోనే కొలుస్తాడు. కూరగాయల్ని కేజీల్లో, పాలను లీటర్లలో కొలుచుకుంటూ ప్రశాంతంగా బతికే మనలాంటి వాళ్ళ మధ్య ఆయన ఒక్కడూ ఎవరు కనిపించినా, ఏది కనిపించినా "దీనికి ఎన్ని గుర్రాలుంటాయి?" అని లోపల లెక్క కడుతూ ఉంటాడు. ఆ లెక్కలో మిక్సీ ఒక గుర్రం. సీలింగు ఫ్యాను పదోవంతు గుర్రం. మా పిన్ని బట్టల బకెట్టుతో మేడెక్కితే ముప్పావు గుర్రం. కట్టుకున్న పెళ్ళానికి ముప్పావని మార్కులేసిన మగవాడిని నేనింకెక్కడా చూడలేదు.

అలవాటు ఉద్యోగంలో అంటుకుంది. బాబాయి నీళ్ళ మోటార్లు అమ్మే షాపులో పని చేస్తాడు. వచ్చేవాళ్ళంతా "అర హార్స్‌పవర్ ఇవ్వండి, ఒకటిన్నర ఇవ్వండి" అని అడిగేవాళ్ళే. మిగతా సేల్స్‌మెన్ ఆ మాటని షాపులోనే వదిలేసి ఇంటికెళ్ళేవారు. ఈయన గుర్రాలన్నిటినీ తోలుకుని ఇంటికొచ్చేశాడు.

కొత్త ఉద్యోగంలో చేరడానికి నేను వాళ్ళింటికి వచ్చిన రోజు ఇప్పటికీ మర్చిపోలేను. గుమ్మంలో కాలు పెట్టానో లేదో బాబాయి నన్ను బరువు చూసే మిషను మీద నిలబెట్టాడు. చిక్కిపోయానేమో అని ప్రేమ కాబోలనుకుని మురిసిపోయాను. మరుక్షణం మేడమెట్ల వైపు చెయ్యి చూపించి ఒక్క కేక పెట్టాడు.

"పరిగెత్తవే! పైకి! తొందరగా!"

ఏ గ్యాసో లీకయింది, ఇల్లు పేలిపోతోంది అనుకున్నాను. చెప్పులు ఒకచోట, నేనొకచోట, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మెట్లన్నీ ఎక్కేశాను. పైకెళ్ళి రొప్పుతూ కిందకి చూస్తే బాబాయి చేతిలో స్టాప్‌వాచ్, మొహం నిండా సంతోషం.

"అరగుర్రం!" అని ప్రకటించాడు. "మొదటిసారికి బాగానే ఉంది."

"నీ గుర్రాలు మండా! నా గుండె ఆగిపోయేది బాబాయ్!"

"గుండె ఆగితే పావుకి పడిపోతావే" అన్నాడు సీరియస్‌గా.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నా పేరు అరగుర్రం. ఇంట్లో అయితే సరిపెట్టుకుందును, వీధి వీధంతా అదే పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది.

ఇక అసలు గుర్రాలశాల సంగతి. బాబాయికి ఒక పాత స్పోర్ట్స్ బైకుంది. నాకంటే వయసులో పెద్దది. ఏడువందల యాభై సీసీ, నాలుగు సిలిండర్లు, ఒకప్పుడు ఎర్ర రంగు. దాని మీద ఎక్కినవాడు పోగొట్టుకున్న చిల్లర వెతుకుతున్నట్టు ముందుకి వంగి కూర్చోవాలి. వెనక సీటు ఉన్నట్టూ ఉండదు, లేనట్టూ ఉండదు. ఆ బైకు కొత్తగా ఉన్నప్పుడు ఇంజను దగ్గర నూట పదహారు గుర్రాలని కంపెనీ వాళ్ళు చెప్పారట. వెనక చక్రం దగ్గర కొలిస్తే ఎనభై తొమ్మిదే వచ్చాయి.

"మిగతావి ఏమయ్యాయి?" అన్నాను మర్యాదకి. అడగడమే పాపమైంది.

"దారి తప్పాయే" అన్నాడు బాబాయి, ఇంట్లో పిల్లలు తప్పిపోయినంత బాధగా. "కొన్ని గేర్లలో పోతాయి. కొన్ని గొలుసులో పోతాయి. అది సహజం, దాన్నెవరూ ఆపలేరు. కానీ ఇన్నా? ఎక్కడో గాలి సరిగ్గా అందక, ఎక్కడో మసి అడ్డుపడి నిలబడిపోయాయి పాపం. వెతికి తీసుకురావాలి. వెనక చక్రం దగ్గర నిండుగా నూరు చూడాలి నేను. అంతే నా కోరిక."

ఇల్లు కట్టాలని, పిల్లల పెళ్ళిళ్ళు చెయ్యాలని ఉంటుంది మనుషులకి. ఈయనకి నూరు గుర్రాలు చూడాలని ఉంది. నేను పిన్ని వైపు చూశాను. పిన్ని నుదురు కొట్టుకుంది.

కొలిచే చోటు ఊరి చివర ఒక గ్యారేజీ. అక్కడ నేలలో ఒక పెద్ద ఇనుప రోలరు పాతి ఉంటుంది. బైకుని బెల్టులతో కదలకుండా కట్టేసి, వెనక చక్రాన్ని ఆ రోలరు మీద పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పుతారు. బండి ఎక్కడికీ పోకుండానే వంద మైళ్ళ వేగంతో పరిగెత్తుతుంది. చక్రం రోలరుని ఎంత బలంగా తిప్పిందో చూసి పక్కనున్న కంప్యూటరు ఒక గీత గీసి, ఇన్ని గుర్రాలని చెప్తుంది. దాన్ని డైనో అంటారు. మొదటిసారి ఆ మోత విన్నప్పుడు నేను బల్ల కిందకి దూరాను.

గ్యారేజీ నడిపేది ఒకావిడ. మంచి మనిషే కానీ బాబాయిని చూడగానే చీపురు దాచేస్తుంది. ఒకసారి బాబాయి అక్కడే ఇంజనుకి గాలీ పెట్రోలూ కలిపి అందించే కార్బురేటరు విప్పి, అందులో పెట్రోలు వదిలే బియ్యపుగింజంత జెట్టు ఒకటి కింద పడేశాడట. దాని కోసం గ్యారేజీలో ఉన్న కస్టమర్లందరి చేతా నేల ఊడిపించాడట. చివరికి అది ఆయన చొక్కా జేబులోనే దొరికింది. అప్పట్నుంచి ఆవిడ రూలు పెట్టింది.

"అన్నగారూ, నా దగ్గర కొలవడం వరకే. విప్పడాలు, బిగించడాలు, ఇంజను అరిపించడాలు అన్నీ మీ ఇంటి దగ్గరే."

దాంతో ఆ వైభోగమంతా మా ఇంటికొచ్చింది. షాపు మధ్యాహ్నం నుంచి కాబట్టి పొద్దున్నంతా బాబాయిది ఇంటి ముందు ఇంజను సేవ. నా ఉద్యోగమూ మధ్యాహ్నం షిఫ్టే కావడం నా ఖర్మ.

ఒక రోజు పొద్దున వంటింట్లోంచి పిన్ని కెవ్వుమన్న కేక. పరిగెత్తుకెళ్ళాను. పొయ్యి మీద పెద్ద గిన్నె, పిన్ని చేతిలో మూత, మూతి మీద చెయ్యి. లోపలికి తొంగిచూస్తే నాకు దిమ్మ తిరిగింది. నాలుగు కార్బురేటర్లు, అరడజను నిమ్మకాయ చెక్కలతో కలిసి కుతకుతా ఉడుకుతున్నాయి.

"ఏమండీ! ఏమిటండీ ఇది?"

"మూత పెట్టవే, ఆవిరి పోతోంది" అన్నాడు బాబాయి వెనకనుంచి. "ఇంకాసేపట్లో ఉడికిపోతాయి."

"ఉడికితే? వడ్డించమంటారా?"

"మసి వదులుతుంది. నీ వంటకి అడ్డం వస్తే చెప్పు, చిన్న మంట మీదకి మార్చుకుంటా."

పిన్ని ఆ గిన్నె మళ్ళీ ముట్టుకోలేదు. కానీ చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది, ఆ వారం డైనో మీద తొంభై మూడు వచ్చాయి. "నిమ్మకాయలకి నాలుగు గుర్రాలే!" అని బాబాయి వీధిలో ప్రతి గుమ్మం దగ్గరా ఆగి చెప్పాడు.

తర్వాత సైలెన్సర్ మారింది. మారడమంటే, పోయింది. దాని బదులు డొల్లగా ఉన్న ఒక గొట్టం వచ్చింది. దాన్ని స్టార్ట్ చేసిన మొదటి రోజు మా కిటికీ అద్దాలు గజగజ వణికాయి, షెల్ఫులో గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి, పక్కింటి కుక్క మూడు గోడలు దూకి ఎటో పోయి సాయంత్రానికి గానీ తిరిగి రాలేదు. బాబాయి మాత్రం కళ్ళు మూసుకుని తల ఊపుతూ వింటున్నాడు. గొట్టానికి మరో నాలుగు గుర్రాలు, దానికి తగ్గట్టు జెట్లు మార్చి, ప్రతి పొద్దునా అరిపించి అరిపించి సర్దితే ఇంకో రెండు. మొత్తం తొంభై తొమ్మిది.

సరిగ్గా అప్పుడే మా మావయ్య వచ్చాడు. మావయ్య అంటే పిన్నికి అన్నయ్య. కళ్ళజోళ్ళ షాపు ఆయనది. ప్రపంచంలో ఎవరికీ ఏదీ సరిగ్గా కనిపించదని ఆయన గట్టి నమ్మకం. బైకు కింద పడుకున్న బాబాయి కాళ్ళని చూసి నవ్వాడు.

"ఏం బావగారూ, గుడ్డి గుర్రాలకి పళ్ళు తోముతున్నారా?"

బాబాయి బయటికొచ్చాడు. మొహం నిండా గ్రీజు. ఆ గ్రీజులోనూ మీసం మాత్రం చెక్కు చెదరలేదు. బాబాయి మీసం గురించి చెప్పాలి. మనిషి తల దువ్వడు, ఇస్త్రీ చొక్కా వేసుకోడు, కానీ మీసానికి మాత్రం విడిగా ఒక దువ్వెన, విడిగా ఒక అద్దం. పెళ్ళిచూపుల్లో మా పిన్ని ఆ మీసాన్ని చూసే ఒప్పుకుందని మా అమ్మ చెప్తుంది.

"గుడ్డివి కావు బావగారూ, తొంభై తొమ్మిది వచ్చాయి. ఇంకొక్కటి."

"గుర్రాలా గాడిద గుడ్డా! ముసలి బండికి నూరు గుర్రాలేంటండీ? ఆ నూరోది పుట్టలేదు. మీరు చూపించండి, నా మీసం తీసేస్తా."

నేను ఉలిక్కిపడ్డాను. మా మావయ్య మీసం కూడా సామాన్యమైంది కాదు. వాళ్ళ షాపు బోర్డు మీద కళ్ళజోడుతో పాటు అది కూడా బొమ్మ వేసి ఉంటుంది.

"మాటంటే మాటేనా?" అన్నాడు బాబాయి.

"మాటే. మరి చూపించలేకపోతే?"

బాబాయి మీసం మెలేశాడు. "వచ్చే ఆదివారం డైనో మీద, వెనక చక్రం దగ్గర నూరు. రాకపోతే నాది తీసేస్తా."

"అయ్యో, అయ్యో!" అంది పిన్ని. టీ ట్రే అరుగు మీద పెట్టేసింది. "టీ తాగి పొమ్మంటే మీసాలు తాకట్టు పెట్టుకుంటారేమిటి మీరిద్దరూ!"

"భయపడకే" అన్నాడు బాబాయి. "ఆ నూరోది ఎక్కడుందో నాకు తెలుసు. మూడో కార్బురేటర్లో ఉంది. ఒక్క వారం పొద్దున పూట అరిపించి సర్దితే దానంతట అదే బయటికొస్తుంది."

ఆయన చెప్పాడంటే వస్తుందని నాకూ నమ్మకం కుదిరింది. మావయ్య బోర్డు మీద బొమ్మ ఎవరు చెరుపుతారా అని ఆలోచించుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున ఎదురింటి మేడ మీద అద్దెకుంటున్న అమ్మాయి వచ్చింది. కొత్తగా దిగారు వాళ్ళు. వాళ్ళాయన రాత్రిళ్ళు అంబులెన్సు నడుపుతాడు. నిచ్చెన కావాలంది, కిటికీకి మందపాటి కర్టెన్ కట్టాలట.

"ఎండ పడుతోందా అమ్మా?" అంది పిన్ని.

"అదేం లేదండీ. ఆయన పగలే కదా పడుకునేది. ఈమధ్య అసలు గుర్రు లేదు."

బైకు కిందనుంచి బాబాయి గొంతు ఖంగుమంది. "గుర్రం లేదా? ఒక్కటి కూడానా?"

ఆ అమ్మాయి హడలిపోయి రెండడుగులు వెనక్కి వేసింది.

"గుర్రం కాదండీ, గుర్రు! నిద్రలో పెట్టే గుర్రు! ఆయన గుర్రు పెట్టి వారాలైంది. పడుకోవడం, దొర్లడం, లేచి కూర్చోవడం. సాయంత్రం మళ్ళీ కళ్ళు నులుముకుంటూ బండెక్కడం."

నేనూ పిన్నీ పగలబడి నవ్వాం. పాపం ఆ అమ్మాయి కూడా నవ్వింది. బాబాయి మాత్రం నవ్వలేదు. బైకు కిందనుంచి మెల్లగా బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"ఇంతకుముందు గుర్రు ఏ మాత్రం వచ్చేదమ్మా?"

"ఏ మాత్రమంటే... కిటికీ తలుపులు కదిలేవండీ."

"అయితే మంచి పవరే" అన్నాడు బాబాయి గంభీరంగా.

నేను నెత్తిన చెయ్యి పెట్టుకున్నాను. పరాయి మనిషి గురకకి కూడా గుర్రాలు లెక్కకట్టేవాడితో ఒకే కప్పు కింద ఉంటున్నానా అని నా మీద నాకే జాలేసింది. పిన్ని వెంటనే ఫోను చేసి ఈ సంగతి మావయ్యకి చెప్పింది. ఫోనులో మావయ్య నవ్వు వీధిలోకి వినిపించింది.

ఆ వారమంతా విచిత్రంగా గడిచింది. బాబాయి ఇంజను స్టార్ట్ చెయ్యలేదు. ఒక్కసారి కూడా! ఇంటి వెనక రేకుల షెడ్డులో తలుపేసుకుని ఏదో గీకుతూ, కోస్తూ కూర్చున్నాడు. పిన్ని పాత కంబళి మాయమైంది. ఏం చేస్తున్నావని అడిగితే "ష్" అన్నాడు. బ్రహ్మాస్త్రం తయారవుతోందని నాకూ పిన్నికీ ఖాయమైపోయింది.

ఆదివారం గ్యారేజీకి అందరం చేరాం. మావయ్య ధైర్యం నటిస్తున్నాడు కానీ చెయ్యి మాటిమాటికీ మీసం మీదకి పోతోంది. గ్యారేజీ ఆవిడ బెల్టులు బిగించింది. నేను ముందుజాగ్రత్తగా చెవులు మూసుకున్నాను. బాబాయి స్టార్టరు నొక్కాడు.

చప్పుడు లేదు. అంటే ఉంది, కానీ ఎవరో దుప్పటి కింద పుస్తకం పేజీలు తిప్పుతున్నంత చప్పుడు. నేను చెవుల మీద చేతులు తీశాను. గ్యారేజీ ఆవిడ వంగి బైకు వెనక చూసింది.

"అన్నగారూ, ఆ గొట్టం ఏదీ? ఇది పాత సైలెన్సర్ కదా? లోపల ఇంకా అడ్డాలేవో వెల్డింగ్ చేసినట్టున్నారు. కంబళి కుక్కారేంటి?"

"కానివ్వమ్మా, కొలువు" అన్నాడు బాబాయి.

రోలరు తిరిగింది. కంప్యూటరు గీత గీసింది. తొంభై.

నా కళ్ళని నేను నమ్మలేదు. గ్యారేజీ ఆవిడ మిషను పాడైందేమోనని ఇంకోసారి కొలిచింది. మళ్ళీ తొంభై. తొమ్మిది గుర్రాలు ఒక్క వారంలో హాంఫట్! మామూలుగా అర గుర్రం తగ్గితేనే గాలి పల్చగా ఉందని, ఎండెక్కువగా ఉందని, రోలరుకి తనంటే పడదని గంటసేపు వాదించే మనిషి, ఈసారి కంప్యూటరు వైపు తలైనా తిప్పలేదు. జేబులోంచి రేజరు తీశాడు. అంటే ఇంటి దగ్గరనుంచే తెచ్చుకున్నాడు!

మావయ్య మొహం పాలిపోయింది. "ఊరుకోండి బావగారూ. ఏదో సరదాకి అనుకున్నాం."

"మాటంటే మాటే" అన్నాడు బాబాయి. బైకు అద్దంలోకి వంగి, ఎడమ వైపు ఒకటి, కుడి వైపు ఒకటి, రెండు గీతల్లో పని కానిచ్చేశాడు.

పిన్ని ఆయన మొహంలోకి చూసి, "అమ్మో, ఎవరండీ మీరు?" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎన్నేళ్ళ నుంచో చూస్తున్న గోడ మీద గడియారం తీసేసినట్టుంది ఆ మొహం.

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు నేను బాబాయి వెనక, పిన్ని మావయ్య స్కూటరు వెనక. వీధి మొదట్లోకి రాగానే బాబాయి ఇంజను ఆపి దిగిపోయాడు. చెయ్యెత్తి మావయ్యనీ ఆపాడు.

"పెట్రోలు అయిపోయిందా?" అన్నాడు మావయ్య.

"ష్. స్కూటరు కూడా ఆపండి. తోసుకుందాం."

"తోసుకోవడమేంటండీ, నడినెత్తిన ఎండలో?"

బాబాయి హ్యాండిలు పట్టుకుని కదిలాడు. అంత బరువు బండిని ఒక్కడూ తోసుకుంటూ, బోడి పెదవి మీద చెమట తుడుచుకుంటూ నడిచాడు. తొంభై గుర్రాలుండగా మనిషి తోయడం! నేను వెనకనుంచి చెయ్యి వేశాను. మావయ్య గొణుక్కుంటూ స్కూటరు తోసుకొచ్చాడు. మా గుమ్మం ముందుకి వచ్చేసరికి వినిపించింది.

ఎదురింటి మేడ మీద, మందపాటి కర్టెన్ వెనకనుంచి గుర్రు. అలాంటిలాంటి గుర్రు కాదు, రాత్రంతా పనిచేసి వచ్చిన మనిషి ఒళ్ళు మరిచి పెట్టే గుర్రు. కిటికీ తలుపు నిజంగానే కదులుతోంది.

బాబాయి తల ఒక పక్కకి వంచి, ఇంజను విన్నట్టు విన్నాడు.

"విన్నావటే? ఎంత సాఫీగా ఉందో చూడు. ఒక్కచోట కూడా తడబడట్లేదు" అన్నాడు గుసగుసగా.

నాకు అప్పటికి బుర్రలో వెలిగింది. "బాబాయ్! ఇందుకా? ఆ నూరోది మూడో కార్బురేటర్లో ఉందన్నావుగా?"

"ఉందే. దాన్ని బయటికి లాగాలంటే వారం రోజులు పొద్దున్నే అరిపించాలి. ఆ గొట్టంతో బండి బయటికి తీసినా ఈ అబ్బాయి లేచి కూర్చుంటాడు. రాత్రి ఇతని బండిలో పడుకునేవాళ్ళ సంగతేంటి చెప్పు? తోలేవాడికి నిద్ర లేకపోతే?"

"ఆ ముక్క నాతో చెప్తే పందెం మానేసేవాణ్ణి కదండీ!" అన్నాడు మావయ్య.

"మీతో చెప్తే మీ చెల్లెలికి చెప్తారు, ఆవిడ ఆ అమ్మాయికి చెప్తుంది. తన వల్ల నా మీసం పోయిందని తెలిస్తే ఆ అబ్బాయికి మళ్ళీ నిద్ర పడుతుందా? అయినా గుర్రాలు ఎక్కడికీ పోలేదు బావగారూ. అదిగో, అక్కడున్నాయి. నా లెక్క ప్రకారం తొమ్మిది."

మావయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. తర్వాత షాపులో బేరం చేసే గొంతుతో అన్నాడు.

"బండి తొంభై, గుర్రు తొమ్మిది. తొంభై తొమ్మిదే అయ్యాయి. ఇంకొకటి తక్కువే."

పిన్ని కొంగు నడుంకి దోపుకుని ముందుకొచ్చింది. "నా ముప్పావు ఉందిగా అన్నయ్యా."

"నా అర!" అన్నాను నేను. ఆ పేరు నా నోటితో నేనే చెప్పుకుంటానని కల్లో కూడా అనుకోలేదు.

మావయ్య వేళ్ళ మీద లెక్కపెట్టాడు. మళ్ళీ పెట్టాడు. బాబాయి ముందు చెయ్యి చాపాడు. బాబాయి జేబులోంచి రేజరు తీసి ఆ చేతిలో పెట్టాడు.

సాయంత్రం మా అరుగు మీద బోడి పెదవులతో ఇద్దరు బావలూ పక్కపక్కన కూర్చుని టీ తాగుతుంటే, వీధిలో పోయేవాళ్ళు ఎవరో కొత్త చుట్టాలొచ్చారనుకుని పలకరించకుండా వెళ్ళిపోతున్నారు. ఎదురింటబ్బాయి డ్యూటీకి బయల్దేరాడు. మొహం కడిగిన అద్దంలా ఉంది. మావాళ్ళని చూసి ఠక్కున ఆగిపోయాడు.

"అంకుల్, మీరేనా? మీసం ఏమైంది?"

"చల్లగా ఉంటుందని" అన్నాడు బాబాయి.

"నాదీ అంతే" అన్నాడు మావయ్య.

ఆ అబ్బాయి బుర్ర గోక్కుని, బైకు వైపు చూశాడు. "ఈమధ్య మీ బండి మోతే లేదేంటి అంకుల్? పవర్ తగ్గిందా?"

బాబాయి అలవాటుగా మీసం మెలేయబోయాడు. వేళ్ళకి ఏమీ దొరకలేదు. అయినా ఉత్తగాలినే ఒక మెలిక తిప్పాడు.

"తగ్గడమా? పెరిగింది. నూరు మీద పావు!"